మీరు విమానం ఎక్కాక ఆ జీతం ఎవరిస్తారు?

దేశదేశాల్లో న్యాయ సహాయం మీద సలహాలిచ్చే కన్సల్టెంట్లకు, వారిని పంపే సంస్థలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ప్రపంచ బ్యాంకు తరఫునో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం యూఎన్‌డీపీ తరఫునో, ఏదో ఒక ధనిక దేశపు అభివృద్ధి సంస్థ తరఫునో మీరు దేశాలు తిరుగుతుంటారు. లీగల్ ఎయిడ్ (పేదలకు ఉచిత న్యాయ సహాయం) చట్టానికి ముసాయిదా రాస్తారు, బోర్డు ఎలా ఉండాలో చెబుతారు, లాయర్లకు ట్రైనింగ్ ఇస్తారు, చివర్లో ఒక రిపోర్టు ఇచ్చి సెలవు తీసుకుంటారు. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసుకునే లాయర్‌ని. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉండి కొన్నేళ్లు రిమాండ్ ఖైదీల తరఫున బెయిల్ పిటిషన్లు వేశాను. మీ రిపోర్టులు దొరికినన్ని చదువుతుంటాను. వాటిలో కొన్ని నిజంగా కష్టపడి రాసినవి. మిమ్మల్ని ఒకే ఒక్క సంగతి అడగాలని ఈ ఉత్తరం. మీరు నిలబెట్టి వెళ్లిన వ్యవస్థలో రోజూ పనిచేయాల్సిన మనిషికి, మీరు వెళ్లాక జీతం ఎవరిస్తారన్నది రిపోర్టు మొదటి పేజీలో ఎందుకుండదు?

ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడెందుకంటే, 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని ఒక్క సంతకంతో నిలిపేసింది. జులై 1 వచ్చేసరికి, ఆ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థ దుకాణమే కట్టేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటన్ కూడా జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న తన సాయాన్ని 2027 నాటికి 0.3కి తగ్గిస్తానని చెప్పింది. మందులు ఆగిపోయాయని, తిండి ఆగిపోయిందని పత్రికలు రాశాయి. రాయాల్సిందే. జైలు గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడే పారాలీగల్, అంటే లాయర్ కాకపోయినా చట్టం పనుల్లో శిక్షణ పొంది జనానికి సాయపడే మనిషి, మరుసటి నెల నుంచి రాకపోతే మాత్రం ఎవరికీ వార్త కాదు. లోపల ఉన్నవాడికి తప్ప.

ఆఫ్రికా దేశం మలావీ సంగతి మీకు తెలిసిందే. ఈ ఉత్తరం చదివే తెలుగువాళ్ల కోసం చెబుతాను. 2000 ప్రాంతంలో ఆ దేశం మొత్తానికీ లాయర్లు కొన్ని వందలే. వాళ్లలో ఎక్కువమంది బ్లాంటైర్, లిలాంగ్వే నగరాల్లోనే ఉండేవారు. జైళ్లు కిక్కిరిసి ఉండేవి. తన కేసు ఏ కోర్టులో ఉందో, తర్వాతి వాయిదా ఎప్పుడో తెలియకుండా ఏళ్లు గడిపేవాళ్లు. అలాంటి చోట పీనల్ రిఫార్మ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నాలుగు స్థానిక సంస్థలతో కలిసి, ముందు నాలుగు జైళ్లలో, పారాలీగల్ అడ్వైజరీ సర్వీస్ మొదలుపెట్టింది. ఆ పారాలీగల్స్ లాయర్లు కారు, కోర్టులో వాదించరు. జైలు అధికారులతో ముందే నియమాలు రాసుకుని లోపలికి వెళ్లేవారు. ఖైదీలను గుంపుగా కూర్చోబెట్టి, ఒకరిని మేజిస్ట్రేటుగా, ఒకరిని పోలీసుగా, ఒకరిని ముద్దాయిగా నిలబెట్టి కోర్టు నాటకం ఆడించేవారు. బెయిల్ ఎలా అడగాలి, జామీను అంటే ఏమిటి, మేజిస్ట్రేటు ఏం అడుగుతాడు, ఏం చెబితే వింటాడు, ఇవన్నీ వాళ్ల చిచెవా భాషలోనే. బయట లాయర్ లేడు కాబట్టి లోపలివాడు తన బెయిల్ తానే అడుక్కునేలా తయారుచేశారన్నమాట.

దానికి జోడీగా క్యాంప్ కోర్టులు వచ్చాయి. మేజిస్ట్రేటు జైలుకే వస్తాడు. రిమాండ్ గడువు దాటినవాళ్లు, చిన్న నేరాలవాళ్లు, మైనర్లు, రోగులు ఎవరెవరో పారాలీగల్ రాసిన జాబితా ముందుంటుంది. అక్కడికక్కడే కొందరికి బెయిల్, కొందరి విచారణకు తేదీ, కొందరి విడుదల. ఇందులో టెక్నాలజీ లేదు, పెద్ద భవనం లేదు. ఉన్నదల్లా ఒక జాబితా, దాన్ని రాసే మనిషి. మన వైపు జైలు అదాలత్ చూసినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. కాకపోతే ఆ జాబితాను ఎవరు, ఎంత శ్రద్ధగా రాశారన్నదాన్ని బట్టే ఆ రోజు ఎంతమంది బయటికి వెళ్తారన్నది ఉంటుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

2004 నవంబరులో లిలాంగ్వేలో జరిగిన సమావేశం, న్యాయ సహాయమంటే కోర్టులో నల్లకోటు నిలబడటం ఒక్కటే కాదని ప్రకటించింది. 2012 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ క్రిమినల్ కేసుల్లో న్యాయ సహాయం మీద సూత్రాలు, మార్గదర్శకాలు ఆమోదించినప్పుడు పారాలీగల్స్‌కు వాటిలో చోటు దొరికింది. మలావీ పద్ధతి కెన్యా, ఉగాండా, బంగ్లాదేశ్‌లకు వెళ్లింది. ఇదంతా మీ వృత్తిలోని మంచివాళ్లు చేసిన మంచి పని. దీన్ని తక్కువ చేసి మాట్లాడితే నాకే సిగ్గుగా ఉంటుంది.

కానీ ఆ పారాలీగల్స్ జీతాలు ఏళ్ల తరబడి ఎక్కువగా విదేశీ డబ్బు మీదే నడిచాయి. డబ్బిచ్చే ఒక డోనర్ సంస్థ కాలం తీరితే ఇంకో డోనర్. మధ్యలో ఖాళీ నెలలు. ఐక్యరాజ్యసమితి సూత్రాల్లో రెండోది తీసి చూడండి: న్యాయ సహాయం అందించడం రాజ్యం బాధ్యత, దానికి కావలసిన మనుషులనూ డబ్బునూ రాజ్యమే కేటాయించాలి. మీరు ప్రతి రిపోర్టులోనూ ఈ సూత్రాన్ని ఉటంకిస్తారు, ఎక్కువసార్లు ఫుట్‌నోట్‌లో. ఆ దేశపు ఆర్థికశాఖ ఏ పద్దు కింద, ఏ ఏడాది నుంచి, ఎంతమంది జీతం భరిస్తుందో మాత్రం ‘సుస్థిరత’ అని పేరు పెట్టిన ఆఖరి అధ్యాయంలో రెండు పేరాలకు సర్దేస్తారు.

పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోన్‌లో కొంత మెరుగ్గా జరిగింది. 2002లో అంతర్యుద్ధం ముగిశాక, 2003లో టిమాప్ ఫర్ జస్టిస్ అనే సంస్థ ఊళ్లలో పారాలీగల్స్‌ను పెట్టింది. దేశంలో ఉన్న కొద్దిమంది లాయర్లూ దాదాపు అందరూ రాజధాని ఫ్రీటౌన్‌లోనే. పైగా చీఫ్‌డమ్‌లలో (సంప్రదాయ పెద్దల కింద ఉండే ప్రాంతాల్లో) ఆచార చట్టం నడిపే లోకల్ కోర్టుల్లోకి లాయర్లకు ప్రవేశమే లేదు. కాబట్టి లాయర్లను తెచ్చి నింపుదామన్న ఆలోచనే అక్కడ కుదరదు. 2012లో చేసిన లీగల్ ఎయిడ్ చట్టం చీఫ్‌డమ్‌కు కనీసం ఒక పారాలీగల్ ఉండాలని రాసింది. 2015లో బోర్డు పని మొదలుపెట్టింది. చట్టంలో రాసినంత మాత్రాన బడ్జెట్‌లో డబ్బు పడిపోదని ప్యానెల్ లాయర్‌గా నాకంటే బాగా ఎవరికి తెలుసు! అయినా చట్టంలో ఒక అంకె ఉంటే పార్లమెంటులో ఎవరో ఒకరు లేచి, మా చీఫ్‌డమ్ మనిషి ఏడీ అని అడగొచ్చు. ప్రాజెక్టు పత్రంలో ఉంటే ఎవరిని అడగాలి? దాని పీడీఎఫ్‌ను అడగాలా?

దక్షిణాఫ్రికాను చూడండి. అక్కడ ఒకప్పుడు ప్రైవేటు లాయర్లకు కేసుకింత అని కట్టేవారు. 1990లలో బిల్లులు పేరుకుపోయి లీగల్ ఎయిడ్ బోర్డు కట్టలేని స్థితికి వచ్చింది. అప్పుడు నెలజీతం మీద పనిచేసే లాయర్లతో జస్టిస్ సెంటర్లు పెట్టుకున్నారు. ఇవాళ దేశమంతా విస్తరించి ఉన్న ఆ సంస్థ ప్రధానంగా సొంత ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తోంది. మరి లిలాంగ్వేకి సలహాదారు కావాలంటే లండన్ వైపు ఎందుకు చూస్తారు? బిల్లులు ఎలా పేరుకుపోయాయో, వాటి నుంచి ఎలా బయటపడ్డారో జోహన్నెస్‌బర్గ్‌లో ఆ లెక్కలు చూసిన మనిషికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? పైగా లండన్ తన ఇల్లు ఎలా పెట్టుకుందో కూడా చూశాం. 2012లో చేసిన చట్టంతో, 2013 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కుటుంబ తగాదాలు, అప్పులు, సంక్షేమ భత్యాలు వంటి సివిల్ విషయాల్లో చాలావాటికి లీగల్ ఎయిడ్ తీసేశారు. అదే దేశపు నిపుణులు మరో దేశానికి వెళ్లి సమగ్ర న్యాయ సహాయం గురించి పాఠం చెబుతుంటే వినేవాళ్లు మర్యాదకి నవ్వు ఆపుకుంటారు. ఆ నిపుణుల తప్పేం లేదు, పాపం. వాళ్లలో చాలామంది ఆ కోతకు వ్యతిరేకంగా పోరాడినవాళ్లే.

ఇక మీ అందరికీ ఇష్టమైన వస్తువు: పోర్టల్. నెదర్లాండ్స్ లీగల్ ఎయిడ్ బోర్డు 2007లో రెఖ్త్‌వైజర్ అనే వెబ్‌సైటు పెట్టింది. తర్వాత హేగ్‌లోని హిల్ సంస్థ, అమెరికాకు చెందిన మోడ్రియా కంపెనీ చేతులు కలిపాయి. విడిపోయే భార్యాభర్తలు పిల్లల సంగతి, ఇంటి సంగతి ఆన్‌లైన్‌లోనే మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చేలా దాన్ని పెంచారు. ఆ రోజుల్లో ఈ రంగం మీద ఏ సదస్సు జరిగినా దాని పేరు రాకుండా ఉండేది కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా దాన్ని చూసి తన పోర్టల్ చేసుకుంది. 2017లో నెదర్లాండ్స్ దాన్ని ఆపేసింది. అనుకున్నంతమంది జనం రాలేదు, వచ్చినవాళ్ల ఫీజులతో ఖర్చు వెళ్లలేదు. ఇంటింటా ఇంటర్నెట్ ఉండి, అందరూ చదువుకున్న సంపన్న దేశంలోనే ఇలా అయింది. ఆ తర్వాత కూడా కరెంటు సరిగా లేని దేశాలకు పోర్టల్, చాట్‌బాట్ సిఫారసు చేసిన రిపోర్టులు నా కంటపడ్డాయి. వాటిలో సర్వర్ ఖర్చు పక్కాగా లెక్కగట్టి ఉంటుంది. ఆ పోర్టల్ తెరిచి చదవలేనివాడి పక్కన కూర్చునే మనిషి ఖర్చు మాత్రం కనపడదు.

మా దేశం గురించి మీరు రాసేది కూడా మాట్లాడుకుందాం. మీ పోలిక పట్టికల్లో భారతదేశం గడి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే 39ఎ అధికరణ ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు అందరూ అర్హులే. ఆ లెక్కన జనాభాలో 80 శాతం దాకా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని రాస్తారు. ఇక లోక్ అదాలత్‌లలో కోట్ల కేసులు పరిష్కారమయ్యాయన్న అంకె అయితే ప్రపంచమంతా తిరిగింది. ఆ కోట్లలో ట్రాఫిక్ చలానాలు ఎన్ని, ఇంకా కోర్టు గడప తొక్కని బ్యాంకు బాకీలు ఎన్ని అని విడదీసి అడిగిన కన్సల్టెంట్ నాకైతే తగల్లేదు. చలానా కట్టించుకోవడం మంచి పనే, లీగల్ ఎయిడ్ పద్దులో ఎందుకు రాయాలో అర్థం కాదు.

అదే పట్టికలో ఈ గడి కూడా పెట్టండి: 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం లీగల్ ఎయిడ్ మీద మా తలసరి ఖర్చు ఏడాదికి దాదాపు 6 రూపాయలు. మా జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ పూర్తికాని ఖైదీలు. 2019తో పోలిస్తే 2024 నాటికి పారాలీగల్ వాలంటీర్ల సంఖ్య 38 శాతం తగ్గిందని కూడా అదే రిపోర్టు చెప్పింది. నాకు ఈ మూడో అంకే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. ఎందుకంటే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మంచి ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివాడి సంగతి జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, ఆయన ఒక పారాలీగల్ వాలంటీరునో, జైలు విజిటింగ్ అడ్వొకేటునో పంపి సంగతి కనుక్కోవాలి. బెయిల్ ఆర్డరు చేతికొచ్చినా ఇద్దరు జామీనుదార్లు దొరక్క, వాళ్ల ఇంటి పన్ను రసీదులు దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లను చూశాను కాబట్టి ఆ ఆదేశం విలువ నాకు తెలుసు. కానీ పంపడానికి మనిషి ఉండాలి కదా. వాలంటీరుకు ఇచ్చేది పనిచేసిన రోజుకింత అని గౌరవ వేతనం. అది కూడా నెలలు ఆలస్యమైతే ఆ అమ్మాయి ఏదో షాపులో ఉద్యోగం చూసుకుంటుంది. ఎవరు కాదంటారు?

జీతం మీద లాయర్లను పెట్టే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి 2022 నుంచి జిల్లాల్లోకి వచ్చింది. ఇది సరైన దిశ అనే నా నమ్మకం, ప్యానెల్‌లో మాలాంటి వాళ్ల పని తగ్గినా సరే. మీరు మా నుంచి ఏమైనా తీసుకెళ్లాలంటే లోక్ అదాలత్ లెక్కలు వదిలేసి దీన్ని చూడండి. కాంట్రాక్టు మీద ఉన్న ఆ లాయర్లు ఎంతకాలం నిలుస్తున్నారో, ఎందుకు వెళ్లిపోతున్నారో కూడా అడగండి.

మా తెలుగు నేల మీదే మీ వృత్తి చేసిన ఒక ప్రయోగం ఉంది. సియాటెల్‌కు చెందిన, ఇప్పుడు లాండెసా అని పిలిచే రూరల్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌తో కలిసి పనిచేసింది. ఇందిర క్రాంతి పథం రోజుల్లో, పల్లెల్లోని పేద కుటుంబాల యువతీ యువకులను భూమి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేశారు. అడంగల్‌లో పేరు తప్పు పడితే, అసైన్డ్ పట్టా ఒకరిదై సాగు ఇంకొకరిదైతే, తండ్రి చనిపోయాక పట్టాదారు పాస్‌పుస్తకం మారకపోతే, ఊరి మనిషితో పాటు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి కాగితాలు చూపించి మాట్లాడేవాళ్లు వీళ్లు. రైతుకి తన సర్వే నెంబరు తెలుసుగానీ తన అర్జీ ఏ టేబుల్ మీద ఆగిందో తెలియదు. అది తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టడమే ఆ ప్రయోగం సారం. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత పనికొచ్చే న్యాయ సహాయం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయి, అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. భూమి నిషేధిత జాబితాలో ఎందుకు పడిందో, విస్తీర్ణం ఎందుకు తగ్గిందో తెలియక జనం మీసేవా కేంద్రాల చుట్టూ, కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. అప్పుడు ఊరూరా ఉండాల్సిన మనిషి ఆ భూమి పారాలీగలే. ప్రాజెక్టు పేరుతో కాకుండా రెవెన్యూ శాఖ పద్దులో, శాంక్షన్ అయిన పోస్టుగా ఆ మనిషి ఉండి ఉంటే ఎంతమంది ఎన్ని ఏజెంట్ల జేబులు నింపకుండా ఉండేవారో!

ఇంకో విషయం, ఇది మీలో చాలామంది అసలు పట్టించుకోనిది. మీకు అప్పగించే పని పత్రాలు, అంటే టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, ఎప్పుడూ ఒక దేశం పేరుతో మొదలై ఆ దేశం సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. మా జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ మనుషుల కేసులు సరిహద్దు దాటాకే మొదలవుతాయి. 2020లో కరోనా సమయంలో వందే భారత్ విమానాల్లో దిగినవాళ్లలో నెలల జీతం, గ్రాట్యుయిటీ కంపెనీ దగ్గరే వదిలేసి వచ్చినవాళ్లు ఎందరో. ఖతర్‌లో 2018 నుంచి లేబర్ వివాదాల కమిటీలు ఉన్నాయి, సౌదీలోనూ అదే ఏడాది లేబర్ కోర్టులు వచ్చాయి. వాటి ఏర్పాటు వెనుక అంతర్జాతీయ సంస్థల సలహాలూ, ఒత్తిళ్లూ ఉన్నాయి, మంచిదే. కానీ ఇంటికి వచ్చేసిన మేస్త్రీ ఆ కమిటీ ముందుకు ఎలా వెళ్లాలి? పవర్ ఆఫ్ అటార్నీ రాయించాలి, దాన్ని అరబిక్‌లోకి మార్పించాలి, సంతకాల ధ్రువీకరణ కోసం ఆఫీసులు తిరగాలి, అక్కడ నమ్మకమైన మనిషి దొరకాలి. నాకు మా జిల్లా కోర్టులో వకాలతు వేయడం తెలుసు. దోహాలో ఆయన తరఫున ఎవరితో మాట్లాడాలో చెప్పే ఏర్పాటు నా ప్యానెల్‌కు లేదు. రాయబార కార్యాలయాల దగ్గర 2009లో పెట్టిన భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంది, దాని నుంచి న్యాయ సాయమూ చేయొచ్చు. మా ఊరి మనిషి దాకా ఆ సమాచారం రావడానికే ఎవరో తెలిసిన నాయకుడు కావాలి.

నేపాల్‌లో ఇంతకంటే తెలివైన పని జరిగింది. అక్కడి ప్రభుత్వం, స్విట్జర్లాండ్ ప్రభుత్వం కలిసి నడిపిన సేఫర్ మైగ్రేషన్ కార్యక్రమంలో జిల్లా పరిపాలనా కార్యాలయాల్లోనే వలస సమాచార కేంద్రాలు పెట్టారు. పాస్‌పోర్టు పని మీద వచ్చిన మనిషికి అదే ప్రాంగణంలో కాంట్రాక్టు గురించి చెప్పేవాళ్లు, మోసపోతే కేసు ఎలా వేయాలో చెప్పేవాళ్లు దొరికేవారు. వలస వెళ్లేవాడు ఎలాగూ వచ్చే చోటే సహాయం పెట్టడమన్న ఈ చిన్న ఆలోచనను జగిత్యాలకో, రాజంపేటకో తెమ్మని మా ప్రభుత్వాలకు సలహా ఇవ్వడానికి ఏ కన్సల్టెన్సీ అయినా టెండరు వేస్తే నేను ఫీజు లేకుండా మీ వెనకాల తిరుగుతాను.

మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలు కావు. జీతం పద్దు రిపోర్టు మొదటి పేజీకి రావాలి: పోస్టు పేరు, ఎంతమంది, నెలకు ఎంత, ఏ శాఖ బడ్జెట్ నుంచి, డోనర్ డబ్బు ఏ ఏడాది నుంచి ఎంత చొప్పున తగ్గుతుంది. ఆర్థికశాఖ వాళ్లు దాని మీద సంతకం పెట్టకపోతే ఆ సంగతీ అక్కడే రాయండి, దాచకండి. మీ రోజువారీ ఫీజు, ఆ దేశపు పారాలీగల్ నెలజీతం ఒకే పట్టికలో పక్కపక్కనే పెట్టండి. ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. రిపోర్టు సారాంశం చిచెవాలోనో, సియెరా లియోన్ జనం మాట్లాడే క్రియోలోనో, తెలుగులోనో కూడా రావాలి, లేకపోతే మీరు ఎవరి గురించి రాశారో వాళ్లకు అందులో తప్పు పట్టే అవకాశమే ఉండదు. కార్మికులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే చోట, రెండు దేశాలకూ కలిపి ఒకే పని అప్పగించండి.

చివరిగా మిమ్మల్ని పంపే సంస్థలకు. కన్సల్టెంట్ ఫీజు మొత్తం రిపోర్టు అందిన రోజే చెల్లించకండి. కొంత భాగం ఆపి, మూడేళ్ల తర్వాత అదే మనిషిని అదే జిల్లాకు పంపండి. తాను సిఫారసు చేసిన పోస్టుల్లో ఎన్నింటిలో ఆ రోజుకి జీతం తీసుకుంటున్న మనుషులు ఉన్నారో లెక్కపెట్టి రమ్మనండి. ఆ లెక్క ఇచ్చాకే మిగతా డబ్బు. ఎంత శాతం ఆపాలన్నది మీరూ మీరూ తేల్చుకోండి. 10 శాతమైనా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో పనిచేసిన ఒక జిల్లా కోర్టు న్యాయవాది